గడువు దాటిన కార్డు

నా చేతిరాత బాగుంటుందని మొదట మెచ్చుకున్నది మా నాయన. చివరగా మెచ్చుకున్నది ఒక రౌడీ. వాడు మెచ్చుకున్న రోజు నుంచి పెన్ను పట్టుకుంటే నా చెయ్యి చెమట పడుతోంది.

మా నాయన నంద్యాలలో మిషను బడి పంతులు. రోజూ సాయంత్రం నన్ను ఎదురుగా కూర్చోబెట్టుకుని రెండు గీతల కాపీ పుస్తకంలో రాయించేవాడు. అక్షరం గీత దాటితే స్కేలు అంచుతో వేళ్ళ మీద ఒక్కటి పడేది. "చదివేటోడు తడుముకోగూడదు మ్మే. ఎవురి చేతిలో పడినా గడగడా చదివేటట్టుండాల" అనేవాడు. ఆయన కోరిక తీరింది. ఎవరి చేతిలో పడకూడదో వాళ్ళ చేతిలోనే పడింది, గడగడా చదివేశారు.

ఆళ్ళగడ్డలో ఒక చిన్న గ్రంథాలయంలో నేను పనిచేస్తాను. ఏ వీధిలో ఉందో చెప్పను. చెప్పకూడనివి ఇప్పటికే చాలా చెప్పాను జనానికి. రోజూ నంద్యాల నుంచి బస్సులో వెళ్ళి వస్తాను. మాకు శుక్రవారం సెలవు, ఆదివారం డ్యూటీ. అందుకని పాతికేళ్ళుగా ఆదివారం చర్చిలో ప్రసంగం సగంలో ఉండగానే చెప్పులు వెతుక్కుంటూ బయటపడే ఆడమనిషిని నేనొక్కదాన్నే.

పొద్దున పేపర్ల కోసం పెన్షనర్లు వస్తారు. పది దాటాక పరీక్షలకు చదువుకునేవాళ్ళు వచ్చి ఫ్యాన్ కింద కుర్చీల కోసం కీచులాడుకుంటారు. అలమరా తలుపు తెరిచి పుస్తకం తీసుకునేవాళ్ళను మాత్రం వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. అట్లాంటివాళ్ళలో ఒకాయన దర్జీ. చాగలమర్రిలో హైవే పక్కన చిన్న కొట్టు ఆయనది. ఆదివారం కొట్టు మూసి, బస్సెక్కి, పుస్తకం మార్చుకోవడానికే ఆళ్ళగడ్డ వచ్చేవాడు. పుస్తకం పెట్టుకోవడానికి మూతి ఉన్న గుడ్డ సంచి ఒకటి కుట్టుకున్నాడు. కుట్లు ఊడిన పుస్తకం చేతికొస్తే ఆయనకు మనసు ఒప్పదు. ఇంటికి తీసుకెళ్ళి, మందపు దారంతో వెన్ను కుట్టి, గంజి రాసి ఆరబెట్టి తెచ్చేవాడు. మా అలమరాల్లో కనీసం నలభై పుస్తకాలు ఆయన చేతి కుట్టు మీదే నిలబడి ఉన్నాయి. ఎప్పుడైనా "ఎందుకప్పా నీకీ శ్రమ" అంటే, "పుస్తకమన్నా గుడ్డన్నా కుట్టు ఊడితే సూడలేనక్కా" అనేవాడు.

ఇంతకీ గొడవ ఒక పుస్తకం గురించి. మా తాలూకాలో ఒక రిటైర్డ్ పంతులు చనిపోయే ముందు రాసి సొంతంగా అచ్చు వేయించుకున్న ఊళ్ళ చరిత్ర అది. నూటచిల్లర పేజీలు, అట్ట మీద బొమ్మ కూడా లేదు. అందులో ఒక అధ్యాయంలో, ఒక చిన్న పల్లెలో కూలీ జనాన్ని రాత్రికి రాత్రి ఎవరు ఖాళీ చేయించారో, వాళ్ళ చేన్లు ఎవరి పేరు మీదికి మారాయో పేర్లతో సహా ఉంది. చేన్లు మారింది ఇప్పుడు మా వైపు అందరూ పెద్దాయన అని పిలిచే మనిషి తండ్రి పేరు మీదికి. బయట ఉన్న కాపీలన్నీ పెద్దాయన మనుషులు ఏరేశారు. మిగిలింది మా అలమరాలో ఉన్నదొక్కటే.

మొదటిసారి ఇద్దరు వచ్చారు. ఒకడు లావుగా, తెల్ల చొక్కా, మెడలో గొలుసు. వాడు నా టేబుల్ మీద చెయ్యి ఆనించి నిలబడ్డాడు.

"మేడమ్, ఆ పుస్తకం ఈడ ఉండగూడదు."

"ఎవరు చెప్పినారు?"

"ఎవురైతే ఏందీ? ఉండగూడదంటే ఉండగూడదు."

నాకు నోరు ఎక్కువ. పెళ్ళి కాకపోవడానికి అదే కారణమని మా అమ్మ ఇప్పటికీ అంటుంది. "పుస్తకం తీసేయమని పై ఆఫీసు నుంచి రాసివ్వండి. సంతకం, ముద్ర ఉండాల. రాసిస్తే ఇప్పుడే తీసేస్తా" అన్నాను. గొలుసు మనిషి నన్ను కిందికీ మీదికీ చూసి నవ్వాడు. "రాసిచ్చేది మాకు అలవాటు లేదు మేడమ్" అని వెళ్ళిపోయాడు.

ఆ సాయంత్రమే పై ఆఫీసు నుంచి ఫోను. "ఎందుకమ్మా లేనిపోని తలనొప్పి, చెదలు పట్టిందని రిజిస్టర్లో రాసి కొట్టేయండి" అన్నాడాయన. "ఆ మాట కాగితం మీద పంపండి సార్" అన్నాను. ఆయన నీళ్ళు నమిలి ఫోను పెట్టేశాడు.

ఆ పుస్తకమున్న అలమరాకు తాళం వేసి, తాళంచెవి నా దగ్గరే ఉంచుకున్నాను. తర్వాత రెండు నెలలు నన్ను పెట్టిన బాధ చెప్పాలంటే సిగ్గుగా ఉంటుంది. రోజుకు నలుగురు వచ్చి పేపర్ల బల్ల దగ్గర కూర్చునేవాళ్ళు. చదవరు, పలకరించరు. ఊరికే నా వైపు చూస్తూ ఉంటారు. నేను బాత్‌రూముకు లేస్తే ఒకడు లేచి తలుపు దాకా వచ్చేవాడు. రెండు నెలలు మధ్యాహ్నం నీళ్ళు తాగడం మానేశాను. గడప మీద రోజూ కిళ్ళీ ఊసి పోయేవాళ్ళు, నేను రోజూ బకెట్‌తో కడిగేదాన్ని. ఫోన్లలో ఏదో గ్రూపులో నా ఫోటో పెట్టి, ఈయమ్మ కులాల మధ్య చిచ్చు పెడుతోందని రాశారు. ఆ ఫోటో మా చర్చిలో కూడా అందరూ చూశారు. ఒక్కరూ నాతో ఆ మాట ఎత్తలేదు, పక్కన కూర్చోవడం మాత్రం మానేశారు. మా పెన్షనర్లలో ఒకాయన, ఇరవై ఏళ్ళుగా రోజూ నా దగ్గర కళ్ళజోడు తుడవడానికి గుడ్డ అడిగి తీసుకునే పెద్దమనిషి, "ఒక్క పుస్తకం కోసం ఇంత రచ్చ ఏంటికమ్మా, ఇచ్చి పారేయరాదా" అన్నాడు. నాకు ఒళ్ళు మండి, మరుసటి రోజు నుంచి ఆయనకు గుడ్డ ఇవ్వలేదు.

అప్పుడు నాకొక తెలివి పుట్టింది. పాఠకుడి దగ్గర ఉన్న పుస్తకాన్ని రిజిస్టర్లో కొట్టేయడానికి వీల్లేదు, అది మా పద్ధతి. అలమరాలో లేకపోతే వాళ్ళు ఎత్తుకుపోవడానికీ వీల్లేదు. ఒక నమ్మకమైన మనిషికి ఇచ్చి పంపిస్తే సరి. ఆ ఆదివారం దర్జీ వచ్చినప్పుడు పుస్తకం ఆయన సంచిలో పెట్టాను.

"నేను చెప్పేదాకా వెనక్కి తేవద్దు. ఎవరడిగినా ఇవ్వొద్దు. నీ దగ్గరుందని ఎవరికీ చెప్పొద్దు" అన్నాను.

ఆయన అట్ట మీది పేరు రెండుసార్లు చదివాడు. "మా జేజి, మా నాయన అమ్మ, చెప్పేదక్కా. మావోళ్ళను ఎల్లగొట్టింది ఆ పల్లె నుంచేనంట. మా తాత పేరు ఉంటాదేమో సూస్తా" అన్నాడు. సంచి మూతికి రెండు ముడులు వేసుకుని బస్టాండు వైపు వెళ్ళాడు. ఆ రాత్రి చాలా రోజులకు నిద్ర పట్టింది నాకు. ఎంత తెలివైనదాన్నో అనుకున్నాను.

ఇక ఇప్పుడు చెప్పేది చెప్పడానికి నాకు నోరు రావడం లేదు, అయినా చెబుతాను.

పుస్తకం తీసుకుని గడువులోగా ఇవ్వనివాళ్ళకు మేము కార్డు రాస్తాం. పోస్టు కార్డు. ఈ కాలంలో కార్డేందని అందరూ నవ్వుతారు. అందరి చేతుల్లో ఫోన్లే కదా అంటారు. నిజమే. కానీ మా పద్ధతిలో కార్డే ఉంది, అలమరాలో కార్డుల కట్ట ఉంది, నాకు అందమైన చేతిరాత ఉంది. నెలకోసారి, ఒకటో తారీఖున, ఎవరు ఏ పుస్తకం తీసుకున్నారో రాసి ఉండే టికెట్ల ట్రే ముందు పెట్టుకుని గడువు దాటినవన్నీ వరసగా తీసి కార్డులు రాస్తాను. పాతికేళ్ళుగా ఒక్క నెల తప్పలేదు. జ్వరంలో కూడా రాశాను. మా నాయన పోయిన నెలలో కూడా రాశాను.

ఆ నెల పంతొమ్మిది కార్డులు. "అయ్యా, మీరు తీసుకొనిన ఈ క్రింది గ్రంథము గడువు దాటినది. తక్షణము తిరిగి ఇవ్వవలెను." కింద పుస్తకం పేరు, రచయిత పేరు, నంబరు. అవతలి వైపు చిరునామా. ట్రేలో ఒక టికెట్ తీయడం, రాయడం, పక్కన పెట్టడం. మధ్యాహ్నం క్యారియర్లో వంకాయ కూర ఉందని ఆలోచిస్తున్నాను, అది గుర్తుంది. నా చెయ్యి దాని పని అది చేసుకుపోయింది. పద్నాలుగో కార్డో, పదిహేనో కార్డో ఆయనది. ఆ పుస్తకం పేరు, ఆయన పేరు, కొట్టు పేరు, ఏ టీ హోటలు ఎదురుగానో కూడా, ఒక్క కొట్టివేత లేకుండా రాసి, పంతొమ్మిదీ కలిపి పోస్టు డబ్బాలో వేసి, చేతులు కడుక్కుని అన్నం తిన్నాను.

చాగలమర్రిలో హైవే మీది కొట్లకు వచ్చే ఉత్తరాలన్నీ పోస్టుమ్యాను ఆ టీ హోటల్లో ఇచ్చి పోతాడు. టీ తాగేవాళ్ళు కార్డులు ఊరికే తిరగేస్తారు. కార్డు కదా, దానికి మూత లేదు. ఆ రోజు టీ తాగుతున్నవాళ్ళలో పెద్దాయన మనిషి ఒకడున్నాడు.

ఇదంతా నాకు ఎట్లా తెలిసిందంటే, గొలుసు మనిషే వచ్చి చెప్పాడు. ఎనిమిదో తారీఖు, పొద్దున పదకొండు. ఒక్కడే వచ్చాడు. కుర్చీ లాక్కుని నా ఎదురుగా కూర్చుని జేబులోంచి కార్డు తీసి టేబుల్ మీద పెట్టాడు.

"ఏం మేడమ్, బాగుండావా? నీ అచ్చరాలు బలే ఉండాయి మేడమ్. ముత్యాలే. నీ అలమరాలోంచి మాయమైనాక మేము ఎంత ఎతికినా దొరకలే. నువ్వు యాడుందో, ఎవురి కాడుందో, కొట్టు గుర్తుతో సహా రాసి పంపిచ్చినావు."

నేను కార్డు తిప్పి చిరునామా చూశాను.

"ఆ టైలరు మంచోడు. పుస్తకం ఇయ్యప్పా అంటే 'లైబ్రరీ సొత్తు, మేడమ్‌కే ఇస్తా' అన్న్యాడు. సరే, మాకియ్యొద్దులే, నీ కత్తెర తీసి నువ్వే కత్తిరించు అన్న్యాం. కత్తిరిచ్చినాడు, పేజీ పేజీ. గుడ్డ కత్తిరిచ్చినట్టు సాపుగా కత్తిరిస్తాడబ్బా! ఒక పేజీ కాడ ఆగినాడు. ఇందులో మా తాత పేరుంది, ఇదొక్కటి ఉంచుకుంటా అన్న్యాడు. మావోడికి ఒళ్ళు మండింది." వాడు కుడి చెయ్యి గాల్లో పెట్టి కుట్టుమిషను చక్రం తిప్పినట్టు తిప్పి చూపించాడు. "టక్, టక్, టక్. మూడు వేళ్ళు. ఇద్దరు చెయ్యి పట్టుకున్న్యారు, ఒకడు మిషను తొక్కినాడు. మిషను కుట్టుకుంటా ఏమరుపాటున వేళ్ళు పెట్టినా అని స్టేషన్లో వాడే చెప్పినాడులే. నువ్వేం భయపడొద్దు."

లేచి నిలబడి చొక్కా సర్దుకున్నాడు. "ఇంగ మా వోళ్ళు నీ కాడికి రారు. నీ పని నువ్వు చేసుకో. బాగా చేస్తాండావు."

వాడు పోయాక నేనేం చేశానో చెప్పనా? కార్డు తీసి, తిరిగొచ్చిన కార్డుల ఫైల్లో పెట్టాను. తేదీ కూడా వేశాను. ఫైలు అలమరాలో పెట్టి తలుపు వేశాను. అక్కడే నేల మీద కూర్చుండిపోయాను. ఎంతసేపు కూర్చున్నానో, పేపరు చదువుతున్న పెన్షనర్లలో ఒక్కరూ తల తిప్పలేదు.

దర్జీ నంద్యాల ఆసుపత్రిలో ఉన్నాడు. బత్తాయిలు తీసుకుని వెళ్ళాను. బొటనవేలు, పక్క రెండు వేళ్ళు. సూది ఎముకలో విరిగి ఉండిపోతే కోసి తీశారు. చీము పట్టింది. ఇక ఆ వేళ్ళు మడవవు. మంచం పక్కన భార్య నేల మీద కూర్చుని ఉంది. నన్ను చూడగానే ఆయన లేవబోయాడు.

"పుస్తకం కాపాడలేకపోతినక్కా" అన్నాడు. మొదటి మాట అదే.

నేను చెప్పేయాల్సింది అక్కడే. నోరు తెరిచాను కూడా. అంతలో ఆయనే అన్నాడు, "చెప్పినోడు ఎవుడో నాకు తెలుసు. నా బామ్మర్దే. ఇంట్లో నా అన్నం తింటా, పెద్దాయన ట్రాక్టరు తోలుతాండాడు గదా. వాడొక్కడే సూసినాడు నా సంచిలో ఆ పుస్తకం. నీ దోషమేముందక్కా దీంట్లో? నీ మాదిరి మనిషి ఈ కాలంలో యాడుండారు?"

నేను నోరు మూసుకున్నాను. బత్తాయి ఒలిచి ఆయన ఎడమ చేతిలో పెట్టాను. ఎంత నీచమైనదాన్నో ఆ రోజు నాకు తెలిసింది. ఆయన ఆసుపత్రి నుంచి ఇంటికి వచ్చిన రోజునే బామ్మర్ది ట్రంకుపెట్టెను రోడ్డు మీదికి విసిరేశాడని తర్వాత విన్నాను. ఆ బామ్మర్ది సున్నిపెంటలో ఏదో హోటల్లో పనికి చేరాడట, ఫోను ఎత్తడట. కొట్లో మిషను మీద గుడ్డ కప్పేశారు. భార్య కూలికి పోతోంది. ఇవన్నీ వింటూనే మూడు నెలలు పంతొమ్మిది చొప్పునో ఇరవై చొప్పునో కార్డులు రాశాను. నోరు విప్పలేదు.

నోరు విప్పకుండా చట్టం పట్టుకు వేలాడాను. ఎవరి మీదో కోపం చూపించాలి కదా, నా మీద చూపించుకునే ధైర్యం లేదు. నంద్యాలలో ఒక వకీలు దగ్గరికి వెళ్ళాను. ఆయన గ్రంథాలయాల చట్టం తిరగేసి చూశాడు. "కమిటీ ఎట్లా వేయాల, సెస్సు ఎట్లా వసూలు చేయాల, లెక్కలు ఎవురు చూడాల, అన్నీ ఉండాయి మేడమ్. ఎవురో వద్దన్న్యారని పుస్తకం తీయగూడదనే మాట నాకు కనపడలే. లైబ్రేరియన్ను బెదిరిస్తే ఏం చేయాలో కూడా కనపడలే. ఉద్యోగిని పని చేసుకోనీలేదని కేసు పెట్టొచ్చు, దానికి మీ పై ఆఫీసే రాయాల. రాస్తారా?" అన్నాడు. నేను నవ్వాను, ఆయనా నవ్వాడు.

అమెరికాలో కొన్ని రాష్ట్రాలలో అట్లాంటి చట్టాలు వచ్చాయని ఫోన్లో చదివాను. నచ్చలేదని పుస్తకం తీయించకూడదు, ఇచ్చినందుకు లైబ్రేరియన్ను వేధించకూడదు. అంటే అక్కడా ఉన్నారన్నమాట గొలుసు మనుషులు. మనకూ అట్లాంటిది అడుగుదామని నంద్యాల చుట్టుపక్కల లైబ్రేరియన్లం ఆరుగురం కలిశాం. చట్టం కావాలని వినతిపత్రం తయారు చేయాలి. చేతిరాత బాగుంటుందని రాసే పని నాకే ఇచ్చారు. ఒకటి: రాతపూర్వకమైన ఉత్తర్వు లేకుండా ఏ పుస్తకాన్నీ తీసివేయరాదు. రెండు: గ్రంథాలయ ఉద్యోగిని బెదిరించినవారిపై చర్య తీసుకోవాలి. మూడోది మాలో వయసులో చిన్నదైన ఒకమ్మాయి చెప్పింది: ఏ పాఠకుడు ఏ పుస్తకం తీసుకున్నాడో లైబ్రేరియన్ ఎవరికీ తెలియనివ్వరాదు. నా పెన్ను ఆగిపోయింది. "స్పెల్లింగా మేడమ్?" అని అడిగింది ఆ పిల్ల.

ఉత్త కోరికలు రాస్తే ఎవరూ చదవరు, జరిగింది ఒకటి సాక్ష్యంగా జత చేయాలి అన్నారు. అందరూ నా వైపే చూశారు. దర్జీ సంగతి అందరికీ తెలుసు, కార్డు సంగతి ఎవరికీ తెలియదు. మరుసటి శుక్రవారం తెల్ల కాగితాలతో, బ్యాగులో ఆ కార్డుతో చాగలమర్రి బస్సెక్కాను. కార్డు ఎందుకు పెట్టుకున్నానో నాకే తెలియదు. చించేద్దామనుకున్నానేమో కూడా.

ఆయన గడప దగ్గర మంచం మీద కూర్చున్నాడు. కుడి చెయ్యి ఒళ్ళో ఉంది, వేళ్ళు మూడు కట్టెపుల్లల్లా బిర్రుగా. భార్య లోపల పొయ్యి దగ్గరుంది. నేను సంగతి చెప్పగానే ఆయన మొహం విప్పారింది.

"రాయక్కా, శానా మంచి పని చేస్తాండావు. మొదట నా బామ్మర్ది పేరు రాయి. ఇంటోడే చెప్పినాడని రాయి."

ఆ పేరు రాయడానికి పెన్ను కాగితం మీద పెట్టాను. మొదటి అక్షరం రాశాను కూడా. చక్కగా వచ్చింది. దాన్ని చూసి పెన్నుకు మూత పెట్టేశాను. బ్యాగులోంచి కార్డు తీసి ఆయన ఎడమ చేతికిచ్చాను.

ఆయన చదివాడు. నిదానంగా చదివే మనిషి, ఎప్పుడూ అంతే. తిప్పి చిరునామా చదివాడు. మళ్ళీ తిప్పాడు.

"ఇది నీ రాతే."

"ఔనప్పా."

"ఎవురికీ చెప్పొద్దని నువ్వే గదా అన్న్యావు?"

"ఔను."

"మరి కార్డు ఏంటికి రాసినావక్కా?"

"అలవాటు" అన్నాను. అంతకంటే పెద్ద కారణం ఏదైనా ఉండి ఉంటే బాగుండేది. లేదు.

ఆయన కార్డును మోకాలి మీద పెట్టుకున్నాడు. తర్వాత భార్యను కేకేశాడు. ఆమె చేతులు తుడుచుకుంటూ వచ్చింది. ఆయన కార్డు నా చేతికి తిరిగిచ్చాడు. "ఆయమ్మకు చదువు రాదు. గట్టిగా చదువు" అన్నాడు.

చదివాను. "అయ్యా, మీరు తీసుకొనిన ఈ క్రింది గ్రంథము గడువు దాటినది." పుస్తకం పేరు, ఆయన పేరు, కొట్టు గుర్తు, అన్నీ ఆ ఇంటి గడప ముందు నిలబడి బడిపిల్లలా చదివాను. ఆమెకు మొదట అర్థం కాలేదు. మొగుడి మొహం చూసింది, నా మొహం చూసింది.

"అంటే నా తమ్ముడు చెప్పలేదా?"

ఆయన తల అడ్డంగా ఊపాడు.

"ఓరి దేవుడా! వాడు రెండు దినాలు ఈ గడప ముందర్నే కూసున్న్యాడమ్మా, నేను చెప్పలేదక్కా, నేను చెప్పలేదక్కా అని ఒట్లు పెట్టుకుంటా. నేను వానికి నీళ్ళు గూడా ఇయ్యలే." ఆమె నా వైపు తిరిగింది. అరవలేదు. అరిచి ఉంటే తట్టుకునేదాన్ని. "చదువుకున్నదానివి గదా. ఆ దినం ఆస్పత్రిలో బత్తాయి ఒలిచి పెడితివే, అప్పుడే చెప్పగూడదా?"

 నేను బ్యాగు భుజానికి తగిలించుకున్నాను. ఆయన "కూసో" అన్నాడు. అక్కా అనలేదు.

"కాగితం తీయ్. నా బామ్మర్ది పేరు కొట్టేయ్. మొదట నీ పేరు రాయి. ఏం చేసినావో రాయి, ఎన్ని నెల్లు దాచినావో గూడా రాయి. తర్వాత వాళ్ళ పేర్లు రాయి. పెద్దాయన పేరు గూడా రాయి, నాకింగ పోయేదేమీ లే. అంతా రాసినాక చదివి ఇనిపించు. అప్పుడు ఏలిముద్ర ఏస్తా."

రెండు పేజీలు రాశాను. అంత వికారమైన రాత నా జన్మలో రాయలేదు. చదివి వినిపించాను. లైబ్రరీలో మెంబరుగా చేరేటప్పుడు సంతకం తోక కూడా చక్కగా సాగదీసి పెట్టిన మనిషి, ఎడమ బొటనవేలు ఇంకులో ముంచి అద్దాడు. తర్వాత తలగడ కింద నుంచి తన లైబ్రరీ మెంబరు చీటీ తీసి మంచం అంచున పెట్టాడు. "ఇది కొట్టేయ్. ఇంగ నాకు కార్డులు రాయొద్దు."

ఆ వారమే భార్య సున్నిపెంట పోయిందట తమ్ముడి కోసం. వాడు హోటల్లోంచి బయటికి రాలేదట.

నంద్యాలలో మళ్ళీ ఆరుగురం కూర్చున్నాం. అందరూ ఆ రెండు పేజీలు చదివారు.  మాలో అందరికంటే వయసైన ఒకాయన, రిటైరు కావడానికి దగ్గరున్నవాడు, గొంతు సవరించుకున్నాడు. "మేడమ్, మీ బాధ అర్థమైతాంది. కానీ ఈ పేజీలు వద్దు. పాఠకుడి పేరు బయటపెట్టింది మనమే అంటే, రక్షణ చట్టం అడగడానికి మనకు మొహమేముంటాది? పై నుంచి మీకే మెమో వస్తాది. ఇవి తీసేద్దాం. మిగతాది బలేగుంది." చిన్నమ్మాయి తల దించుకుంది. మిగిలినవాళ్ళు తలలూపారు.

"తీసేయమని రాసివ్వండి" అన్నాను. "సంతకం పెట్టి రాసివ్వండి, తీసేస్తా."

నేను హాస్యమాడుతున్నాననుకుని ఒకరిద్దరు నవ్వారు. ఆయన గోటితో పిన్ను లేపి ఆ రెండు కాగితాలు ఊడదీసి, మర్యాదగా మడిచి, నా ముందు పెట్టాడు. వినతిపత్రం మూడు కోరికలతో శుభ్రంగా వెళ్ళింది. ముట్టినట్టు ముద్ర వేయించుకొచ్చారు. అంతకుమించి ఇప్పటిదాకా ఏమీ లేదు.

మరుసటి రోజు పొద్దున రిజిస్టర్ తెరిచాను. ఆ ఊళ్ళ చరిత్ర ఉన్న వరస మీద ఎర్ర గీత గీసి, కారణం రాసే చోట చెదలు అని రాయలేదు. "పాఠకుడి చేత కత్తెరతో ముక్కలు చేయించారు" అని రాశాను. తర్వాత చివరి నంబరు కింద కొత్త నంబరు వేసి, ఆ రెండు పేజీలను ఒక పుస్తకంగా ఎక్కించాను. అట్ట వేసి నేనే కుట్టాను. కుట్టు వంకరగా వచ్చింది, సూది రెండుసార్లు వేలికి గుచ్చుకుంది. పాత పుస్తకం ఉన్న సందులోనే పెట్టాను. గొలుసు మనిషి వస్తే రానీ అనుకున్నాను. ఇంకా రాలేదు. వస్తే ఏమవుతానో నాకు తెలుసు, ధైర్యంగా ఉంటానని చెప్పను.

ఒక ఆదివారం ఒకరు దాన్ని అడిగి తీసుకెళ్ళారు. గడువు దాటి మూడు వారాలయింది. ఈ నెల ఒకటో తారీఖున ట్రే ముందు పెట్టుకుని పదకొండు కార్డులు రాశాను. పన్నెండో టికెట్ చేతిలోకి తీసుకుని, పేరు చదివి, మళ్ళీ ట్రేలో పెట్టేశాను.